కార్బురేటర్ జిప్సీకి ఎంపీఎఫ్ఐ ఇంజిన్ ఎక్కించడం ఎలా?

పాత మారుతి జిప్సీ కింగ్ ఇంజిన్ పొగ కక్కడం మొదలుపెట్టిందనుకోండి. షెడ్డుకు తీసుకెళితే మెకానిక్ రెండు దారులు చెబుతాడు. అరిగిన సిలిండర్లు బోరు చేయించి అదే ఇంజిన్ కట్టడం ఒకటి. "ఎందుకు సార్, ఎంపీఎఫ్ఐ ఎక్కించేద్దాం, బోల్టుకి బోల్టు కూర్చుంటుంది" అనేది రెండోది. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ లేకుండా, ప్రతి సిలిండరుకూ విడిగా పెట్రోలు చల్లే ఇంజినే ఎంపీఎఫ్ఐ. ఆ మాటలో అబద్ధం లేదు. ఇనుము నిజంగానే ఒక్క రోజులో కూర్చుంటుంది. పెట్రోలు గొట్టాలు, వైరింగు, కాగితాలు మాత్రం మూడు వారాలు తింటాయి. ఇంజిన్ మార్పిడి మధ్యలో ఆగి షెడ్డు మూలన దుమ్ము పట్టిన జిప్సీల్లో ఇంజిన్ కూర్చోక ఆగినవి నాకు కనబడలేదు. వైర్ల దగ్గర ఆగినవే అన్నీ.

ముందు మీ బానెట్ కింద ఏముందో చూడండి

జిప్సీలో మూడు ఇంజిన్లు వచ్చాయి. 1985లో బండి బయటికొచ్చినప్పుడు ఉన్నది ఎఫ్10ఎ. 970 సీసీ, దాదాపు 45 హార్స్‌పవర్, ఇనుప బ్లాకు, నాలుగు గేర్లు. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచినా ఇంజిన్ మాత్రం అదే. 1996లో జిప్సీ కింగ్‌తో జి13బిఎ వచ్చింది. ఇది 1298 సీసీ, ఎనిమిది వాల్వులు, కార్బురేటర్, 60 హార్స్‌పవర్, అల్యూమినియం బ్లాకు, అయిదు గేర్లు. 2000 సంవత్సరంలో జి13బిబి వచ్చింది. పదహారు వాల్వులు, ఎంపీఎఫ్ఐ, 80 హార్స్‌పవర్. 2019లో జిప్సీ తయారీ ఆగేదాకా ఇదే నడిచింది.

పేరులో 'జి' అంటే ఇంజిన్ కుటుంబం, 13 అంటే 1.3 లీటర్లు. జెన్‌లో ఉన్న 993 సీసీ జి10బి, పాత బలేనోలో ఉన్న 1590 సీసీ జి16బి కూడా ఈ కుటుంబంలోవే. ఎఫ్10ఎ మాత్రం వేరే వంశం. ఈ ఒక్క తేడా చాలా డబ్బు మిగులుస్తుంది. జి13 ఇంజిన్ ఎఫ్10ఎ వాడే నాలుగు గేర్ల బాక్సుకు నేరుగా అతకదు. మీది 1996కు ముందు బండి అయితే ఇంజిన్‌తో పాటు అయిదు గేర్ల బాక్సు కూడా కావాలి. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) గేరు బాక్సుకు అంటుకుని ఉండదు, మధ్యలో చిన్న ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటుంది. బాక్సు మారిస్తే దాని పొడవు కొలుచుకోవాలి, బాక్సు మౌంటింగు చూసుకోవాలి. అది వేరే స్థాయి పని. ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పేది జిప్సీ కింగ్‌లో జి13బిఎ (కుదించి బిఎ) తీసి జి13బిబి (బిబి) పెట్టడం గురించి.

ఈ రెంటి బోరూ (సిలిండరు వెడల్పు) 74 మిల్లీమీటర్లే, స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) 75.5 మిల్లీమీటర్లే. అందుకే సీసీ మారలేదు. అదనంగా వచ్చిన 20 హార్స్‌పవర్ ఇంజిన్ బాగా ఊపిరి పీల్చుకోవడం వల్ల, ప్రతి సిలిండరుకూ విడిగా కొలిచి పెట్రోలు చల్లడం వల్ల వచ్చింది.

అయితే ఆ శక్తి ఎక్కడ దొరుకుతుందో కూడా తెలియాలి. జిప్సీ ఎంపీఎఫ్ఐలో 103 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) 4500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. హైవే మీద లారీని దాటడానికి ఇది హాయి. పొలం గట్ల మీద, మారేడుమిల్లి వైపు అడవి దారుల్లో రెండో గేరులో నెమ్మదిగా పాకేవాళ్ళకు మాత్రం పాత ఎనిమిది వాల్వుల ఇంజినే కింద నుంచి బాగా లాగినట్టు అనిపిస్తుంది. నా మటుకు నాకు, ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగని బండికి ఈ మార్పిడి దండగ.

కాబట్టి నిర్ణయం తీసుకునే ముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) కొలిపించండి. నాలుగూ దగ్గర దగ్గరగా, మాన్యువల్ చెప్పిన హద్దులో వస్తే జబ్బు ఇంజిన్‌లో లేదు, కార్బురేటర్‌లో ఉంది. త్రాటిల్ షాఫ్టు అరిగి పక్క నుంచి గాలి పీలుస్తుంటే ఎంత ట్యూనింగు చేసినా ఐడిలింగ్ నిలబడదు. మంచి కార్బురేటర్ దొరికితే కథ అక్కడే ముగుస్తుంది, ఈ వ్యాసం మిగతా భాగం మీకు అక్కర్లేదు.

ఇంజిన్ కాదు, బండి కొనండి

ఇంజిన్ ఒక్కటే చౌకగా వస్తోందని కొనొద్దు. ప్రమాదంలో వెనక భాగం దెబ్బతిన్న ఎంపీఎఫ్ఐ జిప్సీ దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. ఇంజిన్, వైరింగు మొత్తం, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె), పెట్రోలు ట్యాంకు, అందులోని పంపు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, యాక్సిలరేటర్ కేబులు, సైలెన్సర్ ముందు ముక్క, ఆక్సిజన్ సెన్సర్, రేడియేటర్ గొట్టాలు అన్నీ ఒకే చోట ఉంటాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇవి విడివిడిగా కూడా దొరుకుతాయి, కాదనను. విడిగా కొనుక్కుంటూ పోతే చివరికి బండి ధరే అవుతుంది, పైగా ఒక కనెక్టర్ కోసం నాలుగు సార్లు తిరగాలి.

జిప్సీది దొరక్కపోతే? జి13బిబి ఎస్టీమ్‌లో ఉంది, 2005 నుంచి వచ్చిన మొదటి స్విఫ్ట్ పెట్రోలులో ఉంది, వెర్సాలోనూ ఉంది. పేరు ఒకటే అయినా వేషాలు వేరు. ఎస్టీమ్, స్విఫ్ట్‌లలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. జిప్సీలో నిలువుగా. అందుకే ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె), దాని లోపలి పీల్చే గొట్టం, ఇంజిన్ మౌంటింగ్ బ్రాకెట్లు, నీళ్ళ గొట్టాలు బయటికి వచ్చే మూతులు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వంపు, డైనమో బ్రాకెట్ ఇవన్నీ జిప్సీవి పక్కన పెట్టి ఒక్కొక్కటి పోల్చాల్సిందే. సంప్ విషయంలో ఏమరుపాటు వద్దు. ముందు యాక్సిల్ ఇంజిన్ కిందే ఊగుతుంటుంది, పెద్ద గుంతలో స్ప్రింగులు పూర్తిగా నొక్కుకుంటే సంప్‌కు తగిలే ప్రమాదం ఉంది. వెర్సాలో ఇంజిన్ నిలువుగానే ఉన్నా సీటు కింద ఇరుకులో ఇమిడేలా అమర్చింది. దాని మానిఫోల్డు జిప్సీ బానెట్ కింద ఎలా పడుతుందో కొలవకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

బలేనో 1.6 పెడితే ఎలా ఉంటుందని ప్రతి షెడ్డులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. బాగానే ఉంటుంది. కాకపోతే సీసీ 1298 నుంచి 1590కి పోతుంది. ఆ తలనొప్పి గురించి కింద చెబుతాను.

ఇంకో ఆలోచన కూడా వస్తుంటుంది. పాత బిఎ బ్లాకు మీద బిబి హెడ్డు ఒక్కటి కూర్చోబెడితే? వద్దు. రెండు హెడ్లలో మంట మండే గది ఆకారం వేరు, పిస్టన్ దానికి తగినది ఉండాలి. సగం ఇంజిన్ మార్చే ఖర్చుకు పూర్తి ఇంజినే వస్తుంది.

కొనే ఇంజిన్ మీద బ్లాకుకు కొట్టిన నంబరు చదవండి. ముందు జి13బిబి అని ఉండాలి. నంబరు గీసినట్టో, గ్రైండ్ చేసినట్టో ఉంటే ధర ఎంత తక్కువైనా వెనక్కి వచ్చేయండి. ఆయిల్ మూత తీసి లోపల కాఫీ రంగు నురగ ఉందేమో చూడండి. నీళ్ళు ఆయిల్‌లో కలిసిన గుర్తు అది. అల్యూమినియం ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కిందంటే హెడ్డు వంకర తిరుగుతుంది.

కాగితాలు మొదట, పానా తరవాత

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పులకు సంబంధించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని స్పష్టం చేసింది. కాబట్టి ఇంజిన్ కొనకముందే ఆర్టీవో ఆఫీసుకు వెళ్ళి అడగండి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. బిఎ నుంచి బిబికి వెళ్ళేవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది: కంపెనీ అదే, మోడల్ అదే, ఇంధనం అదే, సీసీ కూడా అదే. ఆర్సీలో ప్రధానంగా మారేది ఇంజిన్ నంబరు. ఎఫ్10ఎ నుంచి వచ్చేవాళ్ళకు, 1.6 కావాలనేవాళ్ళకు సీసీ కూడా మారుతుంది, అక్కడ "కుదరదు" అనే సమాధానానికే ఎక్కువ సిద్ధపడండి.

ఇంజిన్ అమ్మినవాళ్ళ దగ్గర బిల్లు తీసుకోండి, అందులో ఇంజిన్ నంబరు రాయించండి. అది వచ్చిన బండి ఆర్సీ రద్దయిన కాగితం నకలు అడగండి. దొంగ బండి ఇంజిన్ కాదని రుజువు చేసుకోవాల్సింది రేపు మీరే. మార్పు అయ్యాక ఆర్సీలో ఎక్కించడం, బీమా కంపెనీకి చెప్పడం రెండూ చేయండి. రెండోది చాలామంది మరిచిపోతారు. క్లెయిమ్ రోజున సర్వేయర్ మొదట చూసేది ఛాసిస్ నంబరూ, ఇంజిన్ నంబరూనే.

దించడం, ఎక్కించడం

ముందు ఫోన్ తీసుకుని ప్రతి గొట్టం, ప్రతి వైరు, ప్రతి బ్రాకెట్ ఫొటోలు తీయండి. ఎక్కువయ్యాయని అనిపించినా ఇంకో పది తీయండి. బ్యాటరీ విప్పండి, నీళ్ళూ ఆయిలూ దించండి, బానెట్, రేడియేటర్ తీసి పక్కన పెట్టండి. గేరు బాక్సు కింద జాకీ పెట్టి ఆనించాకే హౌసింగ్ బోల్టులు విప్పాలి. లేకపోతే ఇంజిన్ లేచిన క్షణంలో బాక్సు ముక్కు కిందికి వాలుతుంది. చైన్ కప్పీతో ఇంజిన్‌ను ముందుకు లాగి, ఇన్‌పుట్ షాఫ్టు పూర్తిగా బయటపడ్డాక పైకి ఎత్తండి. తొందరపడి ఎత్తితే క్లచ్ ప్లేటు వంగుతుంది.

కొత్త ఇంజిన్ నేల మీద ఉండగానే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, వాటర్ పంపు, వెనక క్రాంక్ ఆయిల్ సీలు, థర్మోస్టాట్ మార్చేయండి. ఇవి బాగానే ఉన్నాయని అమ్మినవాడు ఒట్టేసినా సరే మార్చండి. నేల మీద గంట పని, బండిలో రోజు పని. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు కూడా ఇప్పుడే. జిప్సీ ఇంజిన్ కాకుండా వేరే కారుది అయితే ఫ్లైవీలు బోల్టు రంధ్రాలు, రింగు పళ్ళ లెక్క, సెల్ఫ్ మోటారు పళ్ళ లెక్క సరిపోతున్నాయా చూసుకోండి. క్లచ్ ప్లేటును చేత్తో గేరు బాక్సు షాఫ్టు మీదికి తోసి చూడండి. సాఫీగా జారాలి.

ఎక్కించేటప్పుడు బోల్టులతో ఇంజిన్‌ను బాక్సు వైపు లాగే ప్రయత్నం చేయకండి. చేత్తో తోస్తేనే రెండూ కలవాలి. వేలెడు సందు మిగిలిందంటే క్లచ్ ప్లేటు మధ్యలో లేదని అర్థం. అక్కడ బోల్టు బిగిస్తే అల్యూమినియం హౌసింగ్ చెవి విరుగుతుంది.

పెట్రోలు దారి

కార్బురేటర్ బండిలో క్యామ్ షాఫ్టు తిప్పే చిన్న మెకానికల్ పంపు ఉంటుంది. దాని ఒత్తిడి అర బార్ కూడా ఉండదు. ఎంపీఎఫ్ఐకి దాదాపు 2.5 నుంచి 3 బార్ కావాలి. పాత రబ్బరు గొట్టం ఆ ఒత్తిడికి ఊడితే పెట్రోలు చిమ్మేది వేడి ఎగ్జాస్ట్ మీదికే. కాబట్టి పంపు నుంచి ఇంజిన్ దాకా ప్రతి రబ్బరు ముక్కా ఇంజెక్షన్ బండ్లకు తగిన హై ప్రెషర్ గొట్టమే ఉండాలి, క్లిప్పులు కూడా వాటివే. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. తొంభైల నాటి రబ్బరు దానికి ఉబ్బి, పగిలిపోతుంది. అందుకే రిటర్న్ గొట్టం కూడా కొత్తదే వేయండి.

పాత ట్యాంకు పెట్టుకుని బయట ఇన్‌లైన్ పంపు తగిలించడం చౌక దారి. నడుస్తుంది. కాకపోతే కార్బురేటర్‌కు తన గిన్నెలో కాస్త నిల్వ ఉంటుంది, ఏటవాలులో ట్యాంకులో పెట్రోలు పక్కకు ఒరిగి పంపు క్షణం సేపు గాలి పీల్చినా బండి ఆగదు. ఎంపీఎఫ్ఐకి ఆ నిల్వ లేదు. క్వార్టర్ ట్యాంకుతో గుట్ట ఎక్కేటప్పుడు ఇంజిన్ దగ్గి ఆగితే కారణం ఇదే. వీలైతే ఎంపీఎఫ్ఐ జిప్సీ ట్యాంకే పంపుతో సహా వేయండి. పాత ట్యాంకే అంటారా, లోపలి తుప్పు కడిగించి, పంపుకు ముందు ఒక ఫిల్టరు, తరవాత ఒక ఫిల్టరు పెట్టండి.

వైరింగ్: ఇక్కడ ఓపిక కావాలి

ఈసీఎం పని పెద్ద మాయేమీ కాదు. మానిఫోల్డులో ఒత్తిడి ఎంత, త్రాటిల్ ఎంత తెరుచుకుంది, లోపలికి వచ్చే గాలి వేడి, నీళ్ళ వేడి ఎంత, క్యామ్ షాఫ్టు ఎక్కడుంది, సైలెన్సర్‌లో ఆక్సిజన్ ఎంత మిగిలింది అని సెన్సర్లను అడుగుతుంది. ఆ జవాబులను బట్టి ఇంజెక్టర్లు తెరుస్తుంది, ప్లగ్గుల పైన కూర్చున్న కాయిల్స్‌కు నిప్పు చెబుతుంది. డిస్ట్రిబ్యూటర్ లేదు, పాయింట్లు లేవు, టైమింగ్ తిప్పి పెట్టుకునే పని లేదు.

ఇంజిన్ వైరింగు ఎక్కడా కోయకుండా తెచ్చుకుంటే మీరు కలపాల్సినవి కొన్నే. ఈసీఎంకు ఎప్పుడూ ఉండే బ్యాటరీ కరెంటు ఒకటి. తాళం తిప్పితే వచ్చే కరెంటు ఒకటి, సెల్ఫ్ కొట్టినప్పుడు కూడా ఇది పోకూడదు. మెయిన్ రిలే, ఫ్యూయల్ పంపు రిలే, వాటి ఫ్యూజులు. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు. డయాగ్నోసిస్ కనెక్టర్. తాళం కరెంటు సెల్ఫ్ కొట్టేటప్పుడు పోయే వైరుకు కలిపితే ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, అంటుకోదు. తాళం వదిలిన క్షణంలో ఒకసారి దగ్గుతుంది. ఆ లక్షణం గుర్తుపెట్టుకోండి, రెండు రోజుల వెతుకులాట తప్పుతుంది.

ఎస్టీమ్, స్విఫ్ట్‌ల ఈసీఎం తెస్తున్నారా? ఇమ్మొబిలైజర్ (సొంత తాళం చెవి లేకుండా స్టార్టు కానివ్వని ఏర్పాటు) ఉన్న మోడలైతే తాళం చెవి, దాని యూనిట్, ఈసీఎం మూడూ ఒకే బండివి కావాలి. చెవి లేని ఈసీఎం ఖాళీ పెట్టెతో సమానం. స్పీడ్ సెన్సర్ సంగతి కూడా అంతే. పాత జిప్సీ స్పీడోమీటర్ కేబులుతో నడుస్తుంది, ఈసీఎం మాత్రం విద్యుత్ సంకేతం కోసం చూస్తుంది. అది లేకపోతే బండి నడుస్తుంది కానీ చెక్ లైటు ఆరదు, బ్రేకు వేసి ఆగే సమయంలో ఐడిలింగ్ పడిపోవచ్చు.

ఇక ఎర్త్. నా మొదటి మార్పిడిలో అన్నీ బిగించాం, సెల్ఫ్ కొట్టాం, ఇంజిన్ బద్ధకంగా తిరిగింది. బ్యాటరీ మార్చాం, అదే తీరు. ఇంతలో యాక్సిలరేటర్ కేబులు నుంచి సన్నగా పొగ. ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండాల్సిన మందపాటి ఎర్త్ పట్టీ నేల మీదే ఉంది. సెల్ఫ్ మోటారు లాగే కరెంటంతా తిరుగుదారి లేక ఆ సన్నటి తీగ గుండా పోతోంది. తప్పు నాదే, పట్టీ తీసింది నేను. కాబట్టి ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి బ్యాటరీకి, ఇన్‌టేక్ మానిఫోల్డు మీది ఈసీఎం ఎర్త్‌కు రంగు గీకి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి బిగించండి.

ఈసీఎంను బానెట్ కింద పెట్టకండి. డ్యాష్‌బోర్డు లోపల, వాగు దాటినా నీళ్ళు అందని ఎత్తులో పెట్టండి. జిప్సీ కొనేదే వాగులు దాటడానికి కదా.

మొదటి స్టార్టు

కాయిల్స్, ఇంజెక్టర్ల కనెక్టర్లు విప్పి, ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ లైటు ఆరేదాకా, ఒక్కోసారి పది సెకన్లకు మించకుండా. తరవాత అన్నీ బిగించి తాళం మాత్రం తిప్పండి. ట్యాంకు వైపు చెవి పెట్టండి: పంపు రెండు మూడు సెకన్లు మోగి ఆగాలి. మోగకపోతే రిలే చూడండి. ఆగకుండా మోగుతూనే ఉంటే ఎవరో పంపును నేరుగా బ్యాటరీకి కలిపారని అర్థం. ప్రమాదంలో ఇంజిన్ ఆగినా పెట్రోలు తోస్తూనే ఉంటుంది కాబట్టి అది వెంటనే సరిచేయాలి. నాలుగైదు సార్లు తాళం తిప్పి, గొట్టాలన్నీ టార్చితో చూసి, తడి ఎక్కడా లేదని తేలాకే సెల్ఫ్ కొట్టండి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి.

చెక్ లైటు తాళం తిప్పగానే వెలిగి, ఇంజిన్ అందుకోగానే ఆరాలి. అసలు వెలగకపోతే సంతోషించకండి, బల్బు వైరు కలపలేదన్నమాట. నీళ్ళలో గాలి పోయేదాకా రేడియేటర్ మూత తీసి ఇంజిన్ తిప్పండి, పై గొట్టం వేడెక్కేదాకా దగ్గరే ఉండండి. మొదటి యాభై కిలోమీటర్లు ఊరి చుట్టూనే తిరిగి, ఇంజిన్ చల్లారాక పెట్రోలు క్లిప్పులు, మౌంటింగ్ బోల్టులు, ఎర్త్‌లు మళ్ళీ బిగించండి. అయిదు వందల కిలోమీటర్లకు ఆయిల్ మార్చండి.

షెడ్డు మూలన పడున్న పాత ఇంజిన్‌కు ఆ వారంలోనే బేరాలు వస్తాయి. కొత్త నంబరు ఆర్సీలో ఎక్కిన రోజు దాకా దాన్ని అమ్మకండి. అనుమతి రాకపోతే మళ్ళీ ఎక్కించాల్సింది దాన్నే.